మా వియ్యంకుడి చేతి పసుపు

మా వియ్యంకుడు పోయిన కబురు నాకు నా బిడ్డే చెప్పింది. పొద్దున దుకాణానికి బయలుదేరుతూ చెప్పులు వేసుకుంటున్నాను. ఫోన్ ఎత్తితే, "బాపూ, మామ పోయిండు" అన్నది. ఆ తర్వాత మాటల్లేవు, ఏడుపే. అరుగు మీద కూర్చుని చాయ్ తాగుతూ ఛాతీ పట్టుకున్నాడట. దవాఖానకు తీసుకుపోవడానికి ఆటో వచ్చేలోపే అంతా అయిపోయిందని అల్లుడు ఫోన్ అందుకుని చెప్పాడు.

ఫోన్లో అల్లుడి మాటల వెనకాల బిడ్డ ఏడుపు ఇంకా వినిపిస్తూనే ఉంది. ఆ పిల్ల అంతగా ఏడవడం నేను ఎన్నడూ వినలేదు. అప్పగింతల నాడు కూడా కళ్ళు తుడుచుకుని నవ్వుతూ కారెక్కింది. నాకు మొదట దుఃఖం రాలేదు. రేపు నేను పోతే ఇట్లా ఏడుస్తుందా అన్న ఆలోచన వచ్చింది. ఆయన బతికున్నంత కాలం నాకు ఆయన మీద అసూయే. ఆయన పోయాడని విన్నప్పుడు కూడా అదే ముందు వచ్చి నిలబడింది.

పెద్దకర్మ నాడు భోజనాలకు ముందు నలుగురైదుగురు లేచి ఆయన గురించి మాట్లాడారు. చివర నన్ను లేపారు. దగ్గరి మనిషివి, నీకు తెల్వనిదేముంది, రెండు ముచ్చట్లు చెప్పమన్నారు. నేను లేచి, ఫోటోకు దండం పెట్టి, కూర్చున్నాను. నాకు మాట్లాడటం రాదు. చిన్నప్పుడే బడి మానేశాను. తర్వాత వచ్చిన చదువంతా పొట్లాల కాగితాలు విప్పి చదువుకున్నదే. దుకాణం లెక్కలు, ఇంటి ఖర్చు తప్ప ఇంకేమీ రాసే అలవాటు కూడా లేదు. అయినా ఆనాడు నోటికి రానిది ఇప్పుడు కాగితం మీద పెడుతున్నాను. ఇది చదివేవాళ్ళలో ఆయన చేతి పసుపు తిన్నవాళ్ళు కొందరైనా ఉంటారు. వాళ్ళకు నేను కొత్తగా చెప్పేది తక్కువే.

ఆయనది నెక్కొండ దగ్గర ఒక పల్లె. పసుపు పండించేవాడు. నేను వరంగల్ మార్కెట్లో ఒక అడ్తి దుకాణంలో లెక్కలు రాస్తాను. రైతు తెచ్చిన సరుకును ఖరీదుదారులకు అమ్మిపెట్టి కమీషన్ తీసుకునే దుకాణం అది. ఆయనను మొదట చూసింది అక్కడే. ఒక ఖరీదుదారు ఆయన కుప్పలో చెయ్యి పెట్టి, సరుకు సరిగ్గా ఎండలేదని ధర తగ్గించబోయాడు. ఈయన ఏమీ అనకుండా ఒక పసుపుకొమ్ము తీసి, ఆ మనిషి చెవి దగ్గర పెట్టి, టక్కున విరిచాడు.

"ఇన్నవా సేటూ? పచ్చిగున్న కొమ్మయితే వంగుతది. ఇది మోగింది. ఇగ నీ చెవుల తడి ఉంటే నేనేం జెయ్యాలె?"

హమాలీలు బస్తాలు దించి మరీ నవ్వారు. ఖరీదుదారు కూడా నవ్వాడు, నవ్వుతూనే ధర పెంచాడు. అదే దుకాణంలో ఏళ్ళ తరబడి కూర్చున్న నా మాటకు ఎవరూ నవ్వింది లేదు. నవ్వించాలని నేను ప్రయత్నించిందీ లేదు. అయినా ఆ పూట నా కూడిక తప్పింది.

డబ్బు తీసుకోవడానికి నా బల్ల దగ్గరికి వచ్చి చిట్టాలోకి తొంగిచూశాడు. చదవడం రాదు. "అక్షరాలు గింజలు పోసినట్టున్నయి బావా" అన్నాడు. అప్పటికి మాకు ఏ చుట్టరికమూ లేదు. చుట్టరికం తర్వాత వచ్చింది, పిలుపు ముందే వచ్చింది. ఆ పిలుపును నిజం చేయడానికన్నట్టు మర్నాడే ఎవరితోనో కబురు పంపాడు. కాజీపేటలో రైల్వే ఉద్యోగం చేసే కొడుకున్నాడని, నా బిడ్డను చూస్తామని.

పెళ్ళిచూపుల్లో అందరూ అడిగేవి ఆయన అడగలేదు. "బిడ్డా, నీకు కోపం ఎప్పుడొస్తది?" అన్నాడు. నా బిడ్డ తల వంచుకునే, "ఆకలైతే వస్తది" అన్నది. "అయితే మనింట్ల నీకు కోపమే రాదు" అన్నాడాయన. నా బిడ్డకు ఆకలైతే కోపం వస్తుందని నాకు అప్పటిదాకా తెలియదు. ఒకే ఇంట్లో పెంచాను, తెలియలేదు. ఆయనకు చాయ్ చల్లారేలోపు తెలిసింది.

పెళ్ళయ్యాక బిడ్డ ఫోన్ చేస్తే ప్రతి ముచ్చటా "మామ ఏమన్నడో ఎరుకేనా" అని మొదలయ్యేది. భార్య పోయాక ఆయన పల్లెలో భూమి కౌలుకిచ్చి, వరంగల్లోనే కరీమాబాద్‌లో కొడుకు ఇంటికే వచ్చేశాడు. మా ఇల్లు స్టేషన్ దగ్గర. ఎప్పుడు పడితే అప్పుడు నడిచి వచ్చేవాడు. వీధి మొదట్లోనే గొంతు వినిపించేది: "చెల్లే, చాయ్ పెడ్తవా, నన్ను పెట్టుకొమ్మంటవా?" నా భార్య ఆయనను అన్నయ్యా అనేది. నా మోకాళ్ళు నొప్పి పెడుతున్న సంగతి కూడా ఆమె ఆయనకు చెప్పేసింది. ఆయన వంటింటి గడప దగ్గర నేల మీదే కూర్చునేవాడు. కుర్చీ వేస్తే, కుర్చీల కూసుంటే ముచ్చట దిగదు అనేవాడు. నేను కుర్చీలో కూర్చుని పేపరు చదువుతూ ఉండేవాణ్ణి. వంటింట్లోంచి నవ్వులు వచ్చేవి. పేపరులో నేను చదివిన వరుసే మళ్ళీ చదివేవాణ్ణి.

కరోనా రోజుల్లో ఆయన పసుపుముద్ద మొదలుపెట్టాడు. పసుపు, మిరియాలు కలిపి దంచి, నెయ్యిలో వేయించి, బెల్లం పాకంలో కలిపేవాడు. గాజు సీసాలకెత్తి వాడ వాడంతా పంచాడు. పైసా తీసుకునేవాడు కాదు. పొద్దున చెంచా, రాత్రి చెంచా. దగ్గుకు అదే, కీళ్ళ నొప్పికి అదే, నిద్ర పట్టకపోతే అదే. జబ్బు లేనివాళ్ళకు రాకుండా అదే. ఎవరైనా వెనకాడితే ఆయన చెప్పే మాట ఒకటుండేది: "పసుపు మనింటి మనిషి. మనింటి మనిషి మనకేం జేస్తది?"

నేను ఆ ముద్ద ముట్టలేదు. నమ్మకం లేక కాదు, అందరూ తింటున్నారని. మోకాళ్ళు మాత్రం నొప్పి పెడుతూనే ఉండేవి.

బిడ్డకు కాన్పు నెలలు వచ్చాయి. మొదటి కాన్పు పుట్టింట్లోనే కదా. నేను ఆమెను తీసుకొచ్చుకున్నాను. లోలోపల ఒక తృప్తి. కొన్ని నెలలు నా ఇంట్లో, నా కళ్ళ ముందు ఉంటుంది. ఆపరేషన్ చేసి ఆడపిల్లను తీశారు. కొన్నాళ్ళకు బిడ్డ ఎడమ పిక్క వాచి, బిగుసుకుపోయింది. స్కాన్ తీసి, కాలి నరంలో రక్తం గడ్డ కట్టిందన్నారు. రక్తం పల్చగా ఉంచే గోళీలు కొన్ని నెలలు వాడాలన్నారు. ఈ గోళీలు ఎక్కువైనా ప్రమాదమే, తక్కువైనా ప్రమాదమే, రక్తపరీక్ష చేస్తూ ఇస్తామని డాక్టరమ్మ చెప్పింది. వేరే మందులేమైనా వాడుతున్నారా అని అడిగింది. బిడ్డ, నా భార్య, నేను ముగ్గురం ఒకేసారి లేవన్నాం.

అబద్ధం చెప్పలేదు. అప్పటికే ఆయన సీసా మా వంటింట్లో ఉంది. బాలింతకు మంచిదని మామూలు కంటే మిరియాలు పెంచి, పసుపు పెంచి ప్రత్యేకంగా చేసుకొచ్చాడు. అది మందని మాలో ఎవరికీ తోచలేదు. పోపుడబ్బాలో ఉండే వస్తువు మందెట్లా అవుతుంది?

రోజూ పొద్దున్నే వచ్చి ఆయనే ఎదురుగా నిలబడి ఆ చెంచా తినిపించేవాడు. చేదని బిడ్డ ముఖం చిట్లిస్తే, తనూ అట్లాగే చిట్లించి నవ్వించేవాడు. నా ఇంట్లో, నా బిడ్డకు. నేను తెచ్చిన ఆపిల్ పండ్లు బుట్టలోనే మెత్తబడేవి.

కొన్నాళ్ళకు బిడ్డ చేతుల మీద నీలం మచ్చలు కనిపించాయి. పసిపిల్ల కాలితో తన్నినచోట ఒకటి, గాజు ఒత్తుకున్నచోట ఒకటి. పళ్ళు తోముకుంటే చిగుళ్ళలోంచి నెత్తురు వచ్చేది. నా భార్య దిష్టి అన్నది, ఉప్పూ మిరపకాయలూ తిప్పి పొయ్యిలో వేసింది. ఒకరోజు ముక్కులోంచి నెత్తురు వచ్చి ఆగలేదు. తువ్వాలు తడిసిపోయింది. ఆటోలో దవాఖానకు పోతుంటే బిడ్డ నా చెయ్యి పట్టుకుంది. "భయమైతాంది బాపూ" అన్నది. నేను ఏదో ఒకటి అనాల్సింది. చెయ్యి గట్టిగా పట్టుకున్నాను, అంతే.

పరీక్షలో రక్తం ఉండాల్సిన దానికంటే బాగా పల్చబడిందని తేలింది. గోళీ లెక్క ప్రకారమే వేస్తున్నామన్నాం. డాక్టరమ్మ ఏం తింటున్నారో పొద్దున్నించి రాత్రిదాకా చెప్పమన్నది. నా భార్య అన్నీ చెప్పి, చివర కొంచెం గర్వంగానే, మా అన్నయ్య చేసిన పసుపుముద్ద రోజూ రెండు చెంచాలు తింటాంది అన్నది. డాక్టరమ్మ రాస్తున్న పెన్ను పక్కన పెట్టింది.

కోప్పడలేదు. విడమరిచి చెప్పింది. కూరలో వేసే పసుపుతో భయం లేదు. చెంచాల కొద్దీ రోజూ తింటే అది మందులాగే పనిచేస్తుంది. పసుపుకు కూడా రక్తాన్ని పల్చబరిచే గుణం కొంత ఉంది. మిరియాలు తోడైతే పసుపు ఒంటికి ఇంకా ఎక్కువగా పడుతుంది. ఈ గోళీలతో కలిస్తే ఒకటి మీద ఒకటి అవుతుంది. కొందరికి కడుపులో మంట పుడుతుంది, పిత్తాశయంలో రాళ్ళున్నవాళ్ళకు నొప్పి లేస్తుంది, అరుదుగా కాలేయం దెబ్బతింటుంది. షుగర్ గోళీలు వేసుకునేవాళ్ళు కూడా అడక్కుండా తినకూడదు. మీ అమ్మాయికి ఇదంతా పసుపు వల్లే అయిందని ఖాయంగా చెప్పలేను, కానీ ఈ రోజు నుంచే ఆపండి అన్నది. గోళీలు కూడా ఆపించి, బిడ్డను ఆ రాత్రికి అక్కడే ఉంచుకుంది.

బిడ్డకు ప్రమాదమని విన్నప్పుడు నా గుండె జారింది. ఆ వెనకనే అదే గుండెలో చిన్న సంబరం కూడా కదిలింది. దాన్ని దాచను. ఆయన సీసా తప్పయింది. ఇక నా ఇంట్లో ఆయన మాట చెల్లదు. నా భార్యను బిడ్డ దగ్గర వదిలి, బండి తీసుకుని సరాసరి కరీమాబాద్ పోయాను. దారిలో ఏమనాలో కూర్చుకుంటూ పోయాను. నా జీవితంలో అంత మంచి మాటలు ఎన్నడూ కూర్చలేదు.

ఆయన వాకిట్లో కూర్చుని రోట్లో దంచుతున్నాడు. చేతులు మోచేతుల దాకా పసుపు. నేను చెప్పడం మొదలుపెట్టగానే, "బిడ్డ ఎట్లున్నది?" అన్నాడు. బాగానే ఉంది, రాత్రికి అక్కడే ఉంచుకున్నారన్నాను. "నెత్తురు ఆగిందా?" ఆగిందన్నాను. అప్పుడు రోకలి పక్కన పెట్టాడు. "ఇగ చెప్పు. డాక్టరమ్మ ఏమన్నదో మొత్తం చెప్పు. నా మొకం జూసి తగ్గించకు."

నేను తగ్గించలేదు. కొంచెం పెంచే చెప్పాను. వాదిస్తాడనుకున్నాను. మా తాతల కాలం నుంచి తింటున్నాం అంటాడనుకున్నాను, దానికి జవాబు కూడా సిద్ధంగా పెట్టుకున్నాను. ఆయన తన పసుపు చేతులు తిప్పి చూసుకున్నాడు.

"మనింటి మనిషే అనుకున్న బావా" అన్నాడు. "ఎవరింటికి ఎంత పోవాల్నో జూడకుంట తోలిన."

తర్వాత లేచి, చేతులు కూడా కడుక్కోకుండా, "బండి తియ్యి" అన్నాడు. ఎక్కడికంటే, సీసాలు పంచిన ఇళ్ళకన్నాడు. నేనెందుకన్నాను. "నాకు డాక్టరమ్మ మాట సక్కగ రాదు. నువ్వు చదువుకున్నోనివి, నువ్వు చెప్పాలె."

నన్ను చదువుకున్నవాడని అన్నది ఆయన ఒక్కడే. బండి తీశాను.

ఆ సాయంత్రం ఇంటింటికీ తిరిగాం. ప్రతి ఇంట్లో ఆయన ముందు తన తప్పు చెప్పేవాడు, తర్వాత నేను డాక్టరమ్మ మాట చెప్పేవాణ్ణి, తర్వాత ఆయన ఆ ఇంట్లో ఎవరెవరు ఏ గోళీలు మింగుతున్నారో అడిగేవాడు. సీసా తీసుకుని సంచిలో వేసుకునేవాడు. గుండెకు స్టెంట్ వేయించుకున్న ఒక పెద్దమనిషి మాత్రం సీసా ఒళ్ళో పెట్టుకుని ఇవ్వనన్నాడు.

"ఇచ్చిననాడు అమృతమంటివి. ఇయ్యాల ఇసమంటవా?"

"రెండు నా నోటితోటే అన్న గదనే. మొదటిది నమ్మినవ్, రెండోది గూడ నమ్ము."

ఆ పెద్దమనిషి నవ్వి, సీసా ఇచ్చి, మాకు చాయ్ తెప్పించాడు. అన్ని ఇళ్ళలో అట్లాగే అయింది. తప్పు చేశానని చెప్పుకుంటూ తిరిగే మనిషికి చాయ్ ఇచ్చారు. నిజం మోసుకొచ్చిన నన్ను, నువ్వు గూడ తాగు అన్నారు. ఆయన పరువు పోతుందని చూడటానికి బయలుదేరిన నేను, అది ఇంటింటికీ పెరగడం ఆయనను బండి మీద కూర్చోబెట్టుకుని మరీ చూశాను. నేను ఒక్క కూడిక తప్పు రాస్తే దాన్ని ఎవరూ చూడకముందే దిద్దుకుని, చూస్తారేమోనని వారం రోజులు బెదిరే మనిషిని. తప్పును అట్లా అరచేతిలో పట్టుకుని నడవడం ఎట్లా వస్తుందో నాకు ఇప్పటికీ తెలియదు. అన్నిటికంటే దానికే ఎక్కువ కుళ్ళుకున్నాను.

తిరిగి వస్తుంటే వెనక కూర్చుని ఆయన నా భుజం మీద చెయ్యి వేశాడు. "నీ లెక్క సప్పుడు జెయ్యకుంట ఉండుడు నాకు రాదు బావా. అది వస్తే ఇన్ని సీసలు ఇండ్లకు పోయేటియి కావు" అన్నాడు. నా తెల్లచొక్కా భుజం మీద పసుపు అంటింది. నా దగ్గర కూడా ఆయనకు లేనిదొకటి ఉందని అప్పటిదాకా అనుకోలేదు.

మర్నాడు బిడ్డను ఇంటికి తెచ్చాం. ఆయన వచ్చాడు, కానీ వీధి మొదట్లో గొంతు వినిపించలేదు. గుమ్మం బయటే ఆగిపోయాడు. నా భార్య రమ్మన్నా రాలేదు. బిడ్డ మంచం మీంచే చూసింది.

"నా చేతితోటి నీకు చెడు జేసిన బిడ్డా" అన్నాడు.

"ఆకలైతాంది మామా" అన్నది నా బిడ్డ. "కోపమొచ్చేటట్టున్నది. లోపటికి రా."

ఆయన తలుపు పట్టుకుని ఏడ్చాడు. నేను వంటింట్లోకి పోయి, ఏమీ అవసరం లేకపోయినా గ్లాసులు కడిగాను. ఆ ఇద్దరి మధ్య ఉన్నది నా బిడ్డకూ నాకూ మధ్య ఎందుకు లేదని అనుకుంటూ కడిగాను.

తర్వాతి పరీక్షలు సరిగ్గా వచ్చాయి. నెలలు గడిచాక గోళీలు కూడా ఆపేశారు. ఆయన పసుపు మానలేదు, ముద్ద మానేశాడు. ఎవరైనా దగ్గనో నొప్పనో వస్తే ముందు, "ఏం గోళీలు మింగుతానవ్?" అని అడిగేవాడు. గోళీలుంటే దవాఖానకే పంపేవాడు. లేకపోతే పాలల్లోకి చిటికెడు, అంతే. ఆ చిటికెడు తీయడంలో ఒక కొత్త అలవాటు వచ్చింది. మూడు వేళ్ళతో తీసి, డబ్బా మీదే బొటనవేలు కదిపి, సగం మళ్ళీ డబ్బాలో రాల్చేవాడు. మిగిలిందే వేసేవాడు. "కూరల ఏసేది వేరు, మందులెక్క ఏసేది వేరు" అని ప్రతిసారీ అనేవాడు. విని విని నా భార్య ఆయనతో కలిసి అనేది. నేను పేపరు వెనక నుంచి చూసేవాణ్ణి.

పెద్దకర్మ అయ్యాక బిడ్డ మా ఇంటికి వచ్చి నాలుగు రోజులుంది. మనవరాలికి ఇప్పుడు నాలుగేళ్ళు దాటాయి. వానలకు తడిసి దగ్గు పట్టింది. డాక్టరుకు చూపించాం, భయం లేదన్నారు, మందేమీ రాయలేదు. సాయంత్రం బిడ్డ పొయ్యి మీద పాలు పెట్టింది. నేను మంచినీళ్ళ కోసం వంటింట్లోకి పోయాను. గడప దగ్గర, ఆయన కూర్చునేచోట, తెలియకుండానే పక్కకు తప్పుకుని నడిచాను.

బిడ్డ పసుపుడబ్బా మూత తీసి పట్టుకుని నిలబడి ఉంది. వెయ్యడం లేదు. ఫోన్ ఆమె పక్కనే గట్టు మీద ఉంది. దాని వైపు ఒకసారి చూసి, నా వైపు తిరిగింది.

"బాపూ, ఎంత వెయ్యాలె?"

ఇన్నేళ్ళూ ఈ మాట ఈ ఇంట్లోంచి కరీమాబాద్‌కు పోయేది. ఒక్కసారి నన్ను అడిగితే బాగుండునని ఎన్నిసార్లు అనుకున్నానో లెక్క లేదు. అడిగింది. ఆయన ఉండగా అడిగి ఉంటే ఆ రాత్రి నిద్ర పట్టేది కాదు, అంత సంతోషపడేవాణ్ణి. ఇప్పుడు ఆ సంతోషం రాలేదు. డబ్బా అందుకున్నాను. మూడు వేళ్ళతో తీశాను. నేను అనుకోకముందే నా బొటనవేలు కదిలింది. సగం డబ్బాలోకి రాలింది. మిగిలింది పాలల్లో వేశాను.

పాలు మెల్లగా రంగు మారుతున్నాయి. నా బిడ్డ పాలవైపు గానీ నా ముఖం వైపు గానీ చూడలేదు. గిన్నె పక్కన ఆగిపోయిన నా పసుపు చేతిని చూస్తూ ఉంది. నేను ఆ చెయ్యి వెంటనే తీసుకోలేదు. ఆమె చూసినంతసేపు అట్లాగే ఉంచాను.